తలకిందుల అక్షరాలు

షార్జా క్యాంపుల మాది ఆరు మంచాల అర్ర.
తిలకసిరి తన మంచం మీద, ఎదురుంగ నేను,
నడుమ బోర్లేసిన సిమెంటు బకెట్, దాని మీద పుస్తకం.
అతని దిక్కు అక్షరాలు నిటారుగ కూసునేవి,
నా దిక్కు కాళ్ళు పైకి పెట్టేవి.
లిపి సింహళం, మాట పాళీ.
రెండూ నేను తలకిందులుగనే నేర్చుకున్న.
ఇప్పటికీ ఏడన్న అడ్డం పడితే
పుస్తకాన్ని తిప్పి పట్టుకుంట,
అక్షరమే నన్ను గుర్తుపడుతది.

ఎనుమాముల మార్కెట్, నాలుగో నంబరు గోదాం.
రాత్రి కావలి నాది.
మిర్చి ఘాటు కన్ను మూయనియ్యదు.
జీతం బస్తాలకు, మెలకువ పుస్తకానికి.
కాంటా చిట్టీల ముందర:
తేజ రకం, ముప్పై ఎనిమిది బస్తాలు, తరుగు రెండు కిలోలు.
వెనుక నా తెలుగు.

గుండ్రటి అక్షరాలు మనకేం కొత్త కాదు.
'ట' దగ్గరి చుట్టం లెక్కనే నవ్వుతది.
మిగిలినయి పెండ్లిల కనబడే మంది,
మొఖం ఎరుకే, పేరు యాదికి రాదు.
కొన్నిటి నెత్తిన చిన్న జెండా ఉంటది.
"జెండా లేస్తే లోపలి అచ్చు చచ్చినట్టు" అన్నడు తిలకసిరి.
అతను నవ్విండు, నేను నవ్వలే.
మా దిక్కు స్థూపమంటే
ఎర్రరంగు పూసిన సిమెంటు దిమ్మె,
కింద పేర్లు, పైన జెండా.

తణ్హా.
'తృష్ణ' అని రాసిన. ఇస్త్రీ చేసిన అంగీ లెక్కుంది, కొట్టేసిన.
'కోరిక' సినిమా పాటకు పోయింది.
'ఆశ' అందామంటే,
ఆశ లేకుంటే మిర్చి ఎవడు పెడుతడు?
మూడు రాత్రులు ఆ చిట్టీ ఖాళీగనే ఉన్నది.
నాలుగో రాత్రి లారీ దింపి హమాలీ మొగిలన్న
తువ్వాల పిండుకుంట వచ్చిండు,
"దూపైతాంది తమ్మీ, గిన్ని నీళ్ళియ్యి."
చెంబెత్తి గటగట తాగిండు. మళ్ళ అడిగిండు. మళ్ళ.
"ఈ దుమ్ముల తాగినకొద్ది ఇంకింత దూపే" అన్నడు
మూతి తుడుసుకుంట.
దూప.
రెండున్నర వేల ఏండ్లు నడిసిన మాట
నా చెంబు కాడ నిలవడ్డది.

దుక్ఖానికి గోస అని రాసేటప్పుడు మాత్రం
ఎవలనూ అడగలే.

ఆఖరి పేజీ. నిబ్బానం.
'ఆరిపోవుడు' అని పెట్టిన. అర్థం సరిగ్గదే.
తెల్లారగట్ల రాలిన మిర్చి ఊడ్వ వచ్చిన పోశవ్వకు
చదివి ఇనిపిస్తే
చీపురు ఆపి కోపానికొచ్చింది:
"దీపాన్ని ఆరిందంటరా ఎవలన్న?
ఘనమైందనాలె బిడ్డా."

ఆరిపోవుడును కొట్టేయలే.
పక్కన ఘనమవుడు రాసి
రెంటి నడుమ గీత గీసి కూసున్న.
అంతటి సంగతి, ఊడ్చే మనిషి నోట్లె
ఇన్నేండ్లు దాగి ఉన్నదా,
లేకపోతే అది ఉత్త భయమా?

ఏదుంచాలెనో తిలకసిరిని అడుగుదామని
పాత నంబరుకు ఫోన్ కొట్టిన.
ఎవలో ఆడమనిషి ఎత్తింది,
చాలాసేపు ఏదో చెప్పింది, మెల్లగ.
ఆ భాష చదువుడే వచ్చు నాకు, ఇనుడు రాదు.
ఒక్క మాటన్న దొరుకుతదేమోనని
ఫోన్ తిప్పి
ఇంకో చెవికి పెట్టుకున్న.