అయిదు రోజులు మూసి ఉండదు

మొదట "అయిదు రోజులు సెలవు" అని రాశాను.
అద్దానికి అంటించి, రోడ్డు దాటి,
ట్రామ్ స్టాపులో నిలబడి చదివాను.
ఎవరో పోయినట్టుంది.
వెనక్కొచ్చి చింపేశాను.

బెండిగోలో జులై.
తొమ్మిదైనా ఇస్త్రీపెట్టె పక్కన తప్ప వేళ్లు వంగవు.
పదహారేళ్ల పిల్లల తొలి డాన్సు గౌన్లన్నీ వెళ్లిపోయాయి,
వాటి తెల్లపూసలు ఇంకా చీపురుకి దొరుకుతున్నాయి.
పదకొండేళ్లుగా నాకు సెలవంటే
పళ్లడాక్టరు కుర్చీలో నోరు తెరుచుకున్న గంట.
ఇప్పుడు లేక్స్ ఎంట్రన్స్‌లో ఒక గది,
కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట, డబ్బు కట్టేశాను.

ఇక పావ్ తూ కోసం నోటుబుక్కు మొదలెట్టాను.

మూడో మిషను ఎడమకి లాగుతుంది.
విసుక్కోవద్దు, బట్టని కాస్త కుడికి పట్టు.
జీన్సుకి పదహారు నంబరు సూది.
విరిగిన సూదులు మందుసీసాలో వెయ్యి, చెత్తబుట్టలో కాదు.
బేకరీ డెనిస్ తన నడుము ముప్పై నాలుగంటాడు,
టేపు ముప్పై ఎనిమిదంటుంది.
డెనిస్ మాటకి తలూపి, టేపు మాట రాసుకో.
నీలం సూటు ఎవరికీ ఇవ్వొద్దు, పక్కకీ జరపొద్దు.
మూడేళ్ల కింద డబ్బు ముందే ఇచ్చి
గురువారం వస్తానన్నాడు.
ఏ గురువారమో చెప్పలేదు.
మిసెస్ హార్గ్రీవ్స్ చీటీ పారేసుకుని వస్తుంది,
అడక్కు, ఆవిడ కోటు నాకు తెలుసు

అక్కడ పెన్ను ఆగింది.
"నాకు తెలుసు" అన్నది
ఇంకొకరి చేతికి ఎలా రాసివ్వడం?
పెళ్లిగౌనుకి కత్తెర పెట్టేముందు
కాసేపు ఆగాలి. ఎంతసేపు?
కాజా కుట్టే దారం తెగబోతోందని
వేలికి ముందే తెలుస్తుంది. ఏ వేలికి?

సూది కోసం సోదికెళ్లినట్టయింది నా పని.
రాస్తూ రాస్తూ లెక్కపెడితే
పదకొండేళ్ల బతుకు మూడున్నర పేజీలు.
మిగిలిన కాగితాలు తెల్లగా నా వంక చూశాయి.

పావ్ తూ నిలబడే చదివింది, టీ చల్లారేదాకా.
అనుమానాలేం అడగలేదు.
నా కాళ్ల వైపు చూసి
"అది?" అంది.

ప్రయాణానికి తీసిన ప్యాంటు అంచు,
నాలుగేళ్లుగా పిన్నీసు మీద బతుకుతోంది.

స్టూలెక్కమంది.
ఊరందర్నీ ఎక్కించిన స్టూలు, నేనెక్కింది అదే మొదలు.
పైనుంచి చూస్తే నా షాపు నాకు కొత్త:
బీరువా నెత్తిన దుమ్ము, తప్పిపోయిందనుకున్న అంగుస్తాను,
వంగిన ఆమె పాపిట.
పెదాల మధ్య గుండుసూదులతోనే అంది,
"నిటారుగా. కిందికి చూడొద్దు."
నా గొంతే అది, నా విసుగే.
ఎప్పుడు నేర్చుకుందో!

చీటీ రాసింది.
పేరు: ఓనరు. తేదీ: శుక్రవారం.
నేను వెళ్లేది గురువారం కదా అంటే
"అయితే అర్జెంటు చార్జీ" అంది, నవ్వకుండా.
ఇచ్చాను. చిల్లర కూడా లెక్కపెట్టి తీసుకున్నాను.

వాళ్ల కరెన్ భాషలో
ఆడవాళ్ల పేరు ముందు "నా" అని చేరుస్తారు, మర్యాదకి.
ఆ మాట మా భాషలో ఏమవుతుందో
ఇన్నేళ్లలో ఆమెకి చెప్పలేదు.
కొత్త కాగితం తీసి అద్దానికి అంటించాను:
"షాపు తెరిచే ఉంటుంది.
నా పావ్ తూ చూసుకుంటుంది."
ఇంగ్లీషులో రాశాను.
తెలుగులో చదువుకున్నాను.

రైలు క్యాసిల్‌మెయిన్ దాటాక ఉండబట్టలేక ఫోన్ చేశాను.
ఎత్తలేదు.
ఇంకోసారి చేద్దామని, మానుకున్నాను.
మూడో మిషను మీద ఉండుంటుంది,
కాస్త కుడికి పట్టి.