గ్యాపు కాగితం

సిరొంచ తహసీలాఫీసు పక్కకు, జామచెట్టు కింద
మిషను పెట్టుకున్న ఆత్రం వకీలు
వంద రూపాల స్టాంపు కాగితం తొడిగి
తల ఎత్తకుంటనే అడిగిండు:
పదోది పాసైంది రెండువేల రెండుల,
పన్నెండోది పోయినేడు.
నడిమి ఏండ్లు యాడ వోయినయి తల్లీ?
కారణం ఒక్క లైన్లనే పట్టాలె.
శిష్యవృత్తి ఆఫీసోళ్లు ఎక్కువ చదువరు.

ఒక్క లైను.

తునికాకు ఎండలు ఏ లైన్ల పడ్తయి?
డెబ్బై ఆకులకొక పుడ కట్టుకుంట
వెయ్యి దాకా లెక్క మర్వకుంట కాపాడుకున్న.
గోదారి దాటి మిర్పకాయ ఏరబోయిన చలికాలాలు
ఉన్నయి మరి. పొద్దూకినంక
సంటిదాన్ని ఎత్తుకునే ముందు
మోచేతుల దాకా మజ్జిగ రాసుకునేదాన్ని.
అయినా అది ఏడ్చేది.
బల్లార్షా మిల్లుకు వెదురు కొట్టిన మూడేండ్లు.
గా వెదురే కాగితమైతదని తెలుసు గని
గా కాగితమే ఒకనాడు నన్ను ముంగట కూసోవెట్టి
ఇన్నేండ్లు యాడున్నవని అడుగుతదని
కత్తికేమెరుక.
ప్రాణహిత పొంగి చేను ఇసుకైన ఏడు
మా బాపురావు మంచం వట్టిండు.
అంగన్వాడిల కిచిడి కలుపుకుంట
పిల్లలకు అక్షరాలు దిద్దిచ్చిన.
వాండ్ల పలకల మీదనే
నా చెయ్యి నాకు మల్ల దొరికింది.

ఇదంతా వినే ఓపిక లేక
వకీలు తనే కొట్టిండు: ఘరగుతీ కారణ.
ఇంటి కారణమట.
ఇంటి పట్టున ఉన్నదెన్నడు నేను?
పని చేసిన అని రాయి సారూ, అన్న.
అది కారణం కాదమ్మా, అన్నడు.
నూటయాభై తీసుకున్నడు.

బడి రిజిస్టర్ల నేను ఉదాబాయి.
నాగపూరు నుంచొచ్చిన సారుకు
ఓదక్క అనే పేరు నోరు తిరుగలే.
బ్యాంకుల జాడి ఓదక్క. రేషను కార్డుల ఓదెమ్మ.
ముగ్గుర్ల ఒక్కదానికే పైసలొస్తయి,
ఎవరో మీరే తేల్చుకోండ్రని
సేవాకేంద్రం పిలగాడు నవ్విండు.
తేల్చుటానికి నాలుగు దాఖలాలు,
అంకీస నుంచి తొమ్మిదిసార్లు బస్సు.

గడువు ఆ రాత్రితోనే ఆఖరు.
నా బిడ్డ ప్రణీత, అదే కాలేజిల
నాకంటె ఒక ఏడు పెద్ద,
ఫోను పట్టుకొని మిద్దెక్కింది.
సిగ్నలేమో గోదారి అవుతలి టవరును పట్టుకున్నది.
తెలంగాణకు స్వాగతమని మెసేజి వచ్చింది గని
ఓటీపీ రాలే.
పదకొండు నలభైకి వచ్చింది.
ఇంట్ల అందరం అరిచినం, కుక్క సుత.

కాలేజిల హాజరు తీస్తున్నరు.
ఉదాబాయి, అని పిలిచిండు సారు.
ఎవరో అనుకొని నేనూ ఎనుకకు చూసిన.
యాదికొచ్చేసరికి కింది పేరుకు పోయిండు.
లేచి నిలవడ్డ.
ఉన్న సార్, అన్న తెలుగుల.
పిలగాండ్లు నవ్విండ్రు. నాకూ నవ్వొచ్చింది.

పైసలు వచ్చినయి.
పరీక్షలైపోయినంక, తునికాకు మొదలైనంక.
పాసుబుక్కుల మిషను ఒక గీత కొట్టింది,
సిరా లేక సగమే పడ్డది.
పిలగానిది పిలగానికి, బస్సు బాకీ కండక్టరుకు,
ఫీజుకు అప్పిచ్చిన మా ఆడిబిడ్డకు.
మూడువందల అరవై మిగిలితె
రాజ్యశాస్త్రం గైడు కొన్న.
తెలుగుల దొరకలే. మరాఠీదే.

అర్థంగాని మాట కింద పెన్సిలు గీత పెడుత.
మొదటి పేజీనిండ గీతలే.
మొదటి పాఠం: రాజ్యం అంటే ఏమిటి.
ఆత్రం వకీలునే అడుగుదామని పోయిన.
జామచెట్టు కింద ఆయిన
ఇంకెవరి నడిమి ఏండ్లో
టైపు కొడుతున్నడు.