మజ్జిగ వేళ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు.
చీమకుర్తిలో కొండే పగిలింది ఎప్పుడో,
ముక్కలై ఓడలెక్కింది.
మిగిలిన గుంతలోంచి వేడి
లారీల వెనకే బజారుకొస్తుంది.

మాలకొండయ్య సూపర్ మార్కెట్టులో
పాలు పెరుగు పెట్టే పెద్ద ఫ్రిజ్జుకు తలుపు లేదు.
నోరు తెరిచి నిద్రపోయే మనిషిలా
పగలూ రాత్రీ చలిని వదిలేది.
బిల్లు లక్ష దాటిన నెల
ఆయన కాగితాన్ని తిరగేసి
వెనకవైపు కూడా చూశాడు.

రోజూ మూడింటికి అక్కడే
సువార్తమ్మ నిలబడేది.
పాలిష్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి,
జుట్టు నిండా రాతిపొడి, గుప్పిట్లో పది రూపాయలు.
మజ్జిగ ప్యాకెట్ ఎంచుతున్నట్టు
ఒక్కోదాన్నీ తాకి, పెట్టి, మళ్లీ తాకి.
అన్నీ ఒకటే రకం. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.
నేను కౌంటర్లో చిల్లర లెక్కపెట్టేదాన్ని,
లెక్కపెట్టిందే.

ఒంగోలు నుంచి మెకానిక్ జిలానీ వచ్చాడు.
అగరొత్తి వెలిగించి ఫ్రిజ్జు ముందు పట్టాడు.
పొగ కిందికి జారి, నేలమీద పాకి
గుమ్మం దాటింది.
"చూడు పెద్దాయనా,
నీ డబ్బు నడుచుకుంటా పోతోంది."

అద్దం తలుపులు బిగించాడు.
వేడి కక్కే పాత లైట్లు పీకేశాడు.
మిద్దె మీద సోలార్ పలకలు పరిచి,
పట్టనివి బయట, బళ్లు ఆపే చోట,
ఇనుప కాళ్లమీద నిలబెట్టాడు.
ఇన్నాళ్లూ నేల తవ్వి నలుపు అమ్మిన ఊరు
నలుపును నెత్తికెత్తుకుంది.
నిన్నటిదాకా పాలు విరిచిన ఎండే
ఇవాళ పాలకు కాపలా.
"పొద్దుగూకితే మళ్లీ కరెంటు తీగే,"
జిలానీ అబద్ధం చెప్పడు.

మూడింటికి సువార్తమ్మ వచ్చింది.
అద్దంలో తన మొహం చూసుకుంది.
తలుపు లాగి, ప్యాకెట్ తీసి, మూసేసింది.
అర నిమిషం, అంతే.
"తలుపులు పెట్టించారేందమ్మే?"
జవాబుకు నా దగ్గర చిల్లర లేదు.

బిల్లు సగానికి దిగిందని
మాలకొండయ్య లడ్లు పంచిన రోజు
ఒక బల్ల అడిగాను.
మన ఊరి రాయే, అంచు విరిగిందైనా సరే,
బయట ఆ పలకల కింద.
ఆయన బిల్లును ఇంకోసారి తిరగేశాడు.

నీడంటే ఫ్రిజ్జు చలి కాదు.
ఎండ పక్కల నుంచి తొంగిచూస్తూనే ఉంటుంది.
కానీ అక్కడ
ఏదో ఎంచుతున్నట్టు నటించక్కర్లేదు.
కాళ్లు చాపి, ప్యాకెట్ మూల కొరికి,
చివరి చుక్కదాకా తాగి వెళ్తుంది సువార్తమ్మ.
చుక్కలు మెరిసే నల్లరాతి మీద
తెల్లగా, ఆమె కూర్చున్న మేర.