పద్నాలుగో బల్ల

విజయవాడ నుంచి డబ్బా తిరిగొచ్చింది.
మూత మీద ఉత్తరం.
"గుండు పప్పని రాసి బద్దలు పంపడం
మీ పలాస మర్యాదా?"
కింద స్వీటు షాపు ముద్ర.
అక్షరాలు పెన్నుతో రాసినట్టు లేవు, మేకుతో గీసినట్టున్నాయి.

మూత తీశాను.
పైన మూడు వేళ్ళ మందాన తెల్లటి గుండ్లు,
కింద బద్దలు, ముక్కలు,
పొట్టు వదలనివి ఒకటీ రెండూ.
ఆయన అబద్ధం రాయలేదు.
అందుకే ఎక్కువ మండింది.

డబ్బా అడుగున ఎర్ర రంగుతో పద్నాలుగు.
పద్నాలుగంటే తవిటమ్మ బల్ల.

ఆఫీసు గది నుంచి ఏరుడు షెడ్డుకి ఇరవై మూడు అడుగులు.
అంత దూరంలో
ఒక తిట్టుని ఎంత పదునుగా నూరుకోవచ్చో నాకు తెలుసు.
నాలుగేళ్ళ కిందట ఇలాగే నడిచి
ఢిల్లేశుని అందరి ముందూ
"నీవి చేతులా, చేటలా?" అన్నాను.
అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.
సోమవారం పనిలోకి రాలేదు.
ఇప్పుడు కంచిలి దగ్గర ఎవరిదో బాయిలరు చూస్తున్నాడు.
పిక్క వాసన బట్టి ఉడుకు చెప్పేవాడు
నాకు మళ్ళీ దొరకలేదు.
ఆ మాట ఖరీదు ఏ పద్దులోనూ రాసుకోలేదు.

పదిహేనో అడుగు దగ్గర పిక్కలు కొట్టే వరస.
బూడిద పూసిన చేత్తో దాలమ్మ
పిక్కని కత్తి మధ్య పెట్టి కాలితో తొక్కింది.
టక్.
డొల్ల రెండుగా విడింది,
లోపల పప్పు నిద్ర లేవలేదు.
కాస్త ఎక్కువ తొక్కితే బద్ద.
తక్కువ తొక్కితే నోరు విప్పదు,
జీడి మాత్రం చేతికంటి
వారం రోజులు తోలు ఊడుతుంది.
ముప్పై ఏళ్ళుగా ఈ షెడ్డు నాది.
ఆ తొక్కుడు ఎంతో ఎవరినీ అడగలేదు.

తవిటమ్మ పక్కన గోనె పరుచుకుని కూర్చున్నాను,
డబ్బా వీపు వెనక పెట్టుకుని, దొంగసొత్తులా.
చుట్టూ చేటల చప్పుడు సన్నబడింది.
"ఓ గుప్పెడు ఇటియ్యి. నేనూ ఏరతాను."
"బాబుకి ఇయ్యాల పని నేదేటి?"
"ఇదే పని."

పది నిమిషాలు ఏరాను.
నా కుప్పని ఆమె వేలితో కదిపి
గుండ్లలోంచి నాలుగు బద్దలు లాగి పక్కన పెట్టింది,
మాట్లాడకుండా,
పిల్లాడి కంచంలో చేపముల్లు తీసినట్టు.
అప్పుడు తలెత్తి చూశాను.
బల్బు లేదు. హోల్డరులో సాలీడు కాపురం.

"ఎన్నాళ్ళయింది?"
"వినాయక సవితి ముందర. సెప్పినాను.
తమరు బస్తాల లెక్కలో ఉన్నారు."
నా మొహం చూసి, మెత్తగా,
"నా కళ్ళూ మునపట్లాగ నేవులే బాబూ" అంది.
తన వాటా తనే తీసుకుని
నా వాటా నాకు అందించింది,
మొయ్యగలిగినంతే.

డబ్బా ముందుకి జరిపాను. ఉత్తరం చదవలేదు.
"ఇది తిరిగొచ్చింది. మనిద్దరిదీ."

ఆమె లోపలికి చాలాసేపు చూసింది.
"పైన పేర్సింది కళ్ళు కాదు బాబూ. సెయ్యి.
దసరా సరుకు బేగి నింపీమన్నారు."

అలా చెప్పేస్తుందని అనుకోలేదు.
జాలిపడి వదిలేద్దామనిపించింది ఒక క్షణం.
అదీ ఒక రకం అబద్ధమే, పైన గుండ్లు పేర్చడమే.
గొంతుని గోనె ఎత్తులోనే ఉంచి అన్నాను:
"బేగి అన్నది నా తప్పు.
పేర్చడం తప్పు, తవిటమ్మా. ఇంకెప్పుడూ వద్దు."
"వద్దు" అంది.
చేట అందుకుంది.

సాయంత్రం విజయవాడకి రాశాను:
"మీరన్నది నిజం. కొత్త డబ్బా వస్తోంది.
మూత తీశాక అడుగు నుంచి చూడండి."
నాలుగు కాగితాలు చింపాక వచ్చింది ఆ మాత్రం.

పద్దులో: బల్బు ఒకటి, నూట పది.

ఢిల్లేశు నంబరు ఫోన్లో ఇంకా ఉంది.
నొక్కబోయి ఆగాను.
ఏం అనాలో ఇంకా ఏరుకోలేదు.