ధార ఎట్టుంది?

మాలకొండయ్య ఎడమచెయ్యి మా మిషనుకు అప్పగించి
కుడిచేత్తో బొమ్మ గీశాడు,
కరెంటు బిల్లు వెనకవైపు, నా పెన్నుతోనే.
ఒంగోలు కర్నూలు రోడ్డులో కూలర్లు బాగుచేసిన మనిషి.
కిడ్నీలు మొండికేయక ముందు
ఎండాకాలం రెండు పేటలు ఆయన పంపుల మీదే నిద్రపోయేవి.

"ఇది నీ తొట్టి. ఇది కూలరు పంపు, చిన్నది చాలు.
నీళ్లు ఇట్టా పైకెక్కాల,
ఈ డబ్బాలో దిగాల,
మళ్లీ తొట్టిలోనే పడాల.
నువ్వు నాకు చేసేదే గదమ్మా,
కాకపోతే చేపకు సూది ఉండదు."

ఆదివారం నా వంటిల్లు షెడ్డయింది.
ఆవకాయ డబ్బా అడుగున కాల్చిన మేకుతో ఇరవై చిల్లులు.
కింద బంగాళాపెంకు ముక్కలు,
వాటిమీద గిన్నెలు తోమే పీచు,
అన్నిటికన్నా పైన
పరుపుల కొట్టువాడు ఊరికే ఇచ్చిన స్పాంజి.
ఎంత కడిగినా మూతకి ఆవఘాటు పోలేదు,
మూత పారేశాను.

"ఆసుపత్రిలో వాడేసిన ఫిల్టరు తేకూడదా అమ్మా?"
అడిగింది చెంచులక్ష్మి. ఎనిమిదేళ్లు దానికి.
అది చేపలకు సరిపోదన్నాను.
ఎందుకో చెప్పలేదు.

పంపు గురక పెట్టింది. ధార పడింది.
ఐదు గప్పీలు, ఒక నల్ల మోలీ.
నెల తిరిగేసరికి
తొట్టిలో నీళ్లున్నాయా లేవా అన్నంత తేట.

నలభయ్యో రోజు స్పాంజి చూశాను.
తేనెరంగు జిడ్డు.
పద్నాలుగేళ్లుగా మరకతో పోట్లాడి బతికే చేతులు, ఊరుకుంటాయా?
మందునీళ్లలో నానేసి,
కుళాయి కింద మూడుసార్లు పిండి,
దండెం మీద ఆరేశాను, పెళ్లికి పోయే చీరలాగా.

మూడోనాడు చేపలన్నీ పైకొచ్చి
నోళ్లు తెరిచి గాలి అడుక్కుంటున్నాయి.
సాయంత్రానికి మోలీ, రెండు గప్పీలు
మల్లెచెట్టు పాదులోకి పోయాయి.
చెంచు నాతో అన్నం దాకా మాట్లాడలేదు.

మాలకొండయ్య తల కొట్టుకోబోయి
సూది ఉన్న చెయ్యని గుర్తొచ్చి ఆగాడు.
"ఆ జిడ్డే గదమ్మా ఫిల్టరంటే! స్పాంజి కాదు.
కంటికి ఆనని పురుగులు అందులో కాపురముండి
చేపల పెంట తిని బతుకుతుంటాయి.
ఊరంతా ఖాళీ చేయించావే!
తొట్టినీళ్లే బకెట్లోకి తీసి
అందులో రెండుసార్లు అట్టా ఆడించాల, అంతే.
మురికి కాస్త మిగలాల."

ఈ వార్డులో ఆ మాట నేనంటే
నా ఉద్యోగం పోద్ది.
ఏమీ అనకుండా మిషను అంకెలు రాసుకున్నాను.

మళ్లీ మొదటినించి.
మిగిలిన మూడింటికి చిటికెడు మేత,
రోజు మార్చి రోజు కొత్తనీళ్లు,
రాత్రంతా ఎండలో పెట్టలేం గనక
పగలు బిందెలో ఆరబెట్టిన కుళాయినీళ్లు.
జిడ్డు కోసం ఎదురుచూడ్డం
నా జీవితంలో అదే మొదలు.

ఒకరాత్రి నిశ్శబ్దం నన్ను తట్టిలేపింది.
కరెంటు పోయింది. ధార లేదు.

ఆసుపత్రిలోనైతే మిషనుకి చేతిపిడి ఉంటుంది.
జనరేటరు అందుకునేదాకా తిప్పాలి,
గొట్టాల్లో నెత్తురు గడ్డకట్టకుండా.
మాలకొండయ్య నెత్తురు ఒకసారి
తొమ్మిది నిమిషాలు నా చేత్తో తిప్పాను.
"మెల్లగా తల్లీ, మోటారు కాలిద్ది," అన్నాడు
కళ్లు మూసుకునే.

స్టూలు వేసుకుని కూర్చున్నాను.
చెంబుతో ముంచి డబ్బాలో సన్నగా పోశాను,
ముంచి, పోసి, ముంచి.
చెంచు టార్చి తెచ్చింది.
"చేపలు నిద్రపోతున్నాయి గదమ్మా?"
చేపల కోసం కాదన్నాను.
అదీ ఒక గ్లాసు తెచ్చుకుంది.
మూడింటికి ఫ్యాను కదిలింది.

బుధవారం, తెల్లారగట్ల కొండపి బస్సు దిగి
బరువు చూసుకునే మిషనెక్కకుండానే అడిగాడు:
"ధార ఎట్టుంది?"

ఆయన ముంజేతి మీద,
రక్తనాళం ఉబ్బిన చోట వేలుపెట్టాను.
లోపల జుమ్మని అదురు.
"బాగుంది," అన్నాను.
చొక్కా చెయ్యి ఇంకో మడత పైకి లాక్కున్నాడు.