మూడో ప్రశ్న

పొయ్యిలో కట్టెలు పచ్చివి. తరగతంతా పొగ.
పదకొండు మంది పిల్లలు, ఇరవై రెండు తడి మేజోళ్లు
గొట్టం పక్కన తీగ మీద ఆవిరి కక్కుతున్నాయి.
చిలోయే దీవిలో వాన రావడమంటూ ఉండదు,
ఆగడమే ఉంటుంది, అదీ ఎప్పుడో.

నల్లబల్ల మీద మూడు గళ్లు గీశాను:
పురాణం, ఐతిహ్యం, జానపద కథ.
శాంటియాగోలో నాకు నేర్పినట్టే నేర్పాను.
మొదటిది దేవుళ్లది, రెండోది ఊళ్లది,
మూడోది అనగనగా అన్నవాళ్లది.
"మరి కలెయుచే ఏ గడిలోకి వస్తుంది టీచర్?"
ముక్కు చీదుకుంటూ అడిగాడు యెర్కో చిగ్వాయ్.

కలెయుచే అంటే దీపాల ఓడ.
పొగమంచులో పాటలు మోసుకుని వస్తుంది,
మునిగినవాళ్లను ఎక్కించుకుంటుంది,
నువ్వు కళ్లు నులుముకునేలోగా
అక్కడో ఎండు దుంగ, పక్కన ఒక సీలు,
ఏమీ ఎరగనట్టు.

రెండో గడిలో రాయబోయాను.
అక్షరాలు గీత మీద పడ్డాయి,
సగం ఇటు, సగం అటు.
పిల్లలు నవ్వారు. నేను చెరపలేదు.

ఇంటిపని ఇచ్చాను:
మీ ఇంట్లో ఎవరినైనా ఒక వింత కథ అడగండి.
ఎవరు చెప్పారు?
ఎప్పుడు చెప్పారు?
చెబుతున్నప్పుడు వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయి?
మూడోది ఎందుకు అడిగానో నాకే తెలీదు.
నోటికొచ్చింది, అనేశాను.

సోమవారం కాగితాలు వచ్చాయి, చేపల వాసనతో.
యెర్కో అవ్వ ఊదా బంగాళదుంపలు చెక్కు తీస్తోంది.
బార్రియా కవలల తాత వల బాగుచేస్తున్నాడు,
ముడి దగ్గర కథ ఆపి
ముడి బిగిశాక దయ్యాన్ని వదులుతున్నాడు.
ఎవరి అమ్మో ఉన్ని వడుకుతూ చెప్పింది,
పోగు తెగినప్పుడల్లా మంత్రగత్తె బతికిపోయిందట.
ఒక్కరి చేతులూ ఊరికే లేవు.
పంతొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్నాను,
భయం ఇంత పనిమంతురాలని
ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

నయాదెత్ రెమోల్కోయ్ కాగితంలో మూడే వాక్యాలు.
బాబాయి చెప్పాడు.
కంపెనీ వాళ్లు వచ్చి వెళ్లాక చెప్పాడు.
చేతులు బల్ల కింద ఉన్నాయి, నాకు కనపడలేదు.

వాళ్ల నాన్న సాల్మన్ వలల అడుగుకు దిగే మనిషి.
జూన్‌లో దిగాడు. గాలిగొట్టం ఒక్కటే పైకి వచ్చింది.
కంపెనీ వాళ్లు కవరు ఇచ్చి, టీ తాగి,
"కలెయుచే తీసుకెళ్లిందనుకోండి" అన్నారట.
కథలంటే బొత్తిగా గిట్టని మనుషులు,
ఆ పూటకి నమ్మారు.

దీనికి మార్కులెన్ని?
ఎర్ర పెన్ను మూత తీశాను, పెట్టాను, తీశాను.
చివరికి అంచులో రాశాను: "ఆ ఓడ ఎవరిది?"
మర్నాడు దాని కింద పెన్సిలుతో:
"అదే నేనూ అడిగాను టీచర్."

ఆగస్టులో కాస్త్రో నుంచి తనిఖీ అధికారి వచ్చాడు,
బూట్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని.
నిజానికీ కల్పనకీ తేడా తెలుసా వీళ్లకి?
ఏదీ, నువ్వు చెప్పు. ఆ ఓడ ఉందా, లేదా?
యెర్కో లేచి నిలబడ్డాడు.
"లేదు సార్.
దాని దీపాలు కనబడితే మాత్రం
మా నాన్న పడవ ఒడ్డుకి లాగేస్తాడు."
అధికారి ఏదో రాసుకున్నాడు.
ఏ గడిలో రాశాడో నాకు కనపడలేదు.

ఆ సాయంత్రం ఎలెవుతేరియో పడవలో ఇంటికి వస్తున్నాను.
మంచులో దూరంగా దీపాల వరస.
ఆయన నన్ను అడక్కుండానే ఇంజను ఆపాడు.
నీళ్లు చెక్కను తడుతున్న చప్పుడు.
చాలాసేపటికి అన్నాడు,
"కంపెనీ వాళ్ల బార్జి."
"అవును" అన్నాను.
అయినా ఇద్దరం ఇంకాసేపు అలాగే ఉన్నాం.

ఇంటికొచ్చి నా ఇంటిపని నేనూ మొదలుపెట్టాను.
ఎవరు చెప్పారు: ఎవరూ చెప్పలేదు.
ఎప్పుడు: ఇంజను ఆగాక.
చేతులు: పడవ అంచు పట్టుకుని ఉన్నాయి,
రెండూ, గట్టిగా, సుద్ద ఇంకా అంటుకునే ఉంది.