హాజిర్‌జెవాప్

ట్రాబ్‌జోన్ చేపల బజారులో
ఆ మాట ఇంటిపేరులా అంటుకుంటుంది మనిషికి.
హాజిర్‌జెవాప్ మునీరే.
అంటే, జవాబు హాజరుగా ఉన్న మునీరే.
అడిగినవాడి నోరు మూతపడకముందే
గడపలో చెప్పులు విడిచి నిలబడి ఉంటుందది.

నిఘంటువు ఆఫీసువాళ్ళు పంపితే వచ్చాను,
అంకారా నుంచి రాత్రంతా బస్సులో,
ఒక్క పదానికి వాడుకలు ఏరుకు రమ్మని.
చలికాలం. హమ్సీ చేపలు గుట్టలుగా.
ఐసు నీళ్ళు నా బూట్లలోకి.

"ఆ మాటకి అర్థం ఏమిటమ్మా?"
పెన్ను మూత తీస్తూ అడిగాను.
"నువ్వు మూత తీసేలోపు అయిపోయేది."

రాసుకున్నాను.
చలికి ఇంకు దిగలేదు. మళ్ళీ రాసుకున్నాను.

టోపీ పెద్దమనిషొకడు మొప్పలెత్తి చూశాడు:
"కళ్ళు ఎర్రబడ్డాయేం దీనికి?"
"నువ్వొస్తావని తెలిసి రాత్రంతా నిద్రపోలేదు."

తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చాడు:
"నీ త్రాసు నిజం చెబుతుందా?"
"ఎక్కి చూడండి, బరువు చెబుతుంది.
విలువ చెప్పే త్రాసు కావాలంటే
వేరే బజారు."

ఎదురుగా వల బాగుచేసే ఇద్రిస్ ఒక్కడే ఆమెకి ఉజ్జీ.
ముప్ఫై ఏళ్ళుగా ఆమె విసిరింది అతడూ
అతడు విసిరింది ఆమే
నేల తాకనివ్వకుండా పట్టుకుంటున్నారు.

"ఇద్రిస్, నీ వలనిండా కంతలే!"
"కంతల్లేకపోతే అది వలెందుకవుతుంది, దుప్పటి.
కప్పుకుంటావా?"

బజారు బజారంతా నవ్వింది.
మునీరే తల వంచి
చేపల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.
హమ్సీని ఎవరైనా లెక్కపెడతారా?
నా పుస్తకంలో ఆమె పేరు పక్కన
ఒక్క గీత ఖాళీగా మిగిలింది.

మరుసటేడు ప్రూఫులు పట్టుకుని వెళ్ళాను.
ఇద్రిస్ అదే ముక్కాలిపీట మీద ఉన్నాడు,
కుడిచెయ్యి ఒడిలో పడుకోబెట్టుకుని.
నోట్లో సగం పక్షవాతం తీసుకుపోయిందట.
వలసూది ఎడమచేతిలో
కొత్త బడిపిల్లాడిలా తడబడుతోంది.

మునీరే చేతులు తుడుచుకుంది,
గొంతెత్తి, బజారందరికీ వినిపించేలా,
"ఇంతకీ ఆ దుప్పటి ఎప్పుడిస్తావయ్యా?"

అతని పెదవి ఒకవైపే కదిలింది.
తూకానికి తొందరపడుతున్న ఒకావిడతో
"ఆగమ్మా, ఇప్పుడు వంతు ఆయనది" అంది.
రేవులో ఓడ కూత వేసింది.
నా గ్లాసులో టీ చల్లారింది.
పిల్లి ఒకటి చేపనెత్తుకుపోయింది, ఎవరూ అదిలించలేదు.

"కం... తలు," అన్నాడు ఇద్రిస్.
మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు.
"పెరి... గాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు,
ఆమె తప్ప.
ఆమె మాత్రం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా.

రాత్రి లాడ్జిలో ప్రూఫు తెరిచాను.
'తక్షణం ఇచ్చే చమత్కారపు జవాబు.'
'తక్షణం' కొట్టేశాను.

సంపాదకుడు దాన్ని మళ్ళీ పెట్టాడు,
అంచున ఎర్రసిరాతో 'ఎందుకు?' అని.

ఆయనకింకా జవాబు రాయలేదు.